కలకత్తా పోలో క్లబ్

కలకత్తా పోలో క్లబ్ పశ్చిమ బెంగాల్ రాష్ట్ర రాజధాని కోల్‌కతా నగరంలోని ఒక క్రీడాసంఘము. 1862లో స్థాపించబడిన ఈ సంఘము, నేటికీ కొనసాగుతున్న పోలో క్లబ్బులలో ప్రపంచంలోకెల్లా ప్రాచీనమైనదిగా సాధారణంగా అంగీకరించబడుతున్నది. కొన్ని గ్రంథాలలో స్థాపన సంవత్సరము 1863 అని కూడా కనిపిస్తుంది. బ్రిటిషు భారత సైన్యానికి చెందిన జోసెఫ్ ఫోర్డ్ షేరర్, కాచార్ జిల్లా పాలనాధికారి అయిన కెప్టెన్ రాబర్ట్ స్టూవర్ట్ దీని స్థాపకులు. మణిపురి ప్రజలు శతాబ్దాలుగా ఆడుతూ వచ్చిన గుర్రపు చెండాటను వీరు అస్సాం లోని కాచార్ ప్రాంతంలో చూచి, నేర్చుకొని, కలకత్తాకు తెచ్చారు. అక్కడినుండి ఆ ఆట ఇంగ్లండుకు, తరువాత అమెరికా, అర్జెంటీనా మొదలైన దేశాలకు వ్యాపించినది. ఈ కారణంగా కలకత్తా క్లబ్బు చరిత్ర ఆధునిక పోలో క్రీడా చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయము.

పోలో అను పేరు

"పోలో" అనే మాట కాశ్మీరుకు ఉత్తరాన ఉన్న బాల్టిస్తాన్ ప్రాంతపు బాల్టీ భాషలోని "పులు" అనే పదంనుండి వచ్చినది. బాల్టీ టిబెటన్ భాషా కుటుంబానికి చెందిన భాష. ఆ భాషలో "పులు" అనగా బంతి. పర్షియాలోను, మొగలు దర్బారులోను ఇదే ఆటను "చౌగాన్" అనేవారు. మణిపురి (మైతై) భాషలో దీని పేరు "సగోల్ కాంగ్జై". సగోల్ అనగా గుర్రము. కాంగ్జై అనగా బంతిని కర్రతో కొట్టే ఆట. ఇంగ్లీషువారు ఆటను మణిపురి ప్రజలనుండి నేర్చుకొన్నప్పటికీ, దానికి స్థిరపడిన పేరు మాత్రం బాల్టీ పదమే కావడం విశేషము.

ప్రాచీన మూలాలు

గుర్రముపై స్వారీ చేస్తూ కర్రతో బంతిని కొట్టే ఆట మధ్య ఆసియాలోను, పర్షియాలోను అతి ప్రాచీన కాలంనుండి ఉన్నది. అశ్వదళానికి శిక్షణ ఇవ్వడానికి ఈ ఆట బాగా ఉపయోగపడేది. ఒక చేత కళ్ళెము, మరొక చేత కర్ర పట్టుకొని, పరుగెత్తే గుర్రాన్ని క్షణంలో మలపగలిగిన రౌతు యుద్ధరంగంలో కూడా అదే నేర్పు చూపగలడు.

భారతదేశంలో ఈ ఆటకు సంబంధించిన ప్రసిద్ధ సంఘటన ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ మరణము. ఆయన 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతుండగా గుర్రముపైనుండి పడి మరణించాడు. మొగలు చక్రవర్తి అక్బరుకు ఈ ఆటపై మిక్కిలి మక్కువ. చీకటి పడిన తరువాత కూడా ఆట సాగించడానికి, నెమ్మదిగా రాజుకుంటూ ఎక్కువసేపు నిలిచే మోదుగ కర్రతో చేసిన బంతులను వెలిగించి వాడేవారని "ఐన్-ఇ-అక్బరీ"లో ఉన్నది. మొగలు సామ్రాజ్యము క్షీణించిన తరువాత మైదాన ప్రాంతాలలో ఈ ఆట దాదాపు అంతరించినది. ఉత్తరాన గిల్గిత్, బాల్టిస్తాన్, లడఖ్ కొండలలోను, ఈశాన్యాన మణిపూర్ లోయలోను మాత్రమే సజీవంగా మిగిలినది.

మణిపూర్‌లో సగోల్ కాంగ్జై

మణిపూర్‌లో ఈ ఆట రాజులకు మాత్రమే పరిమితమైనది కాదు. గ్రామాలలో సామాన్య గృహస్థులు సైతం చిన్న గుర్రాలను పెంచుకొని ఆడేవారు. మైతై సంప్రదాయంలో మార్జింగ్ అనే దేవుడు గుర్రాలకు, ఈ ఆటకు అధిదేవత. 1597 నుండి 1652 వరకు పాలించిన ఖాగెంబా రాజు కాలంలో ఆట క్రమబద్ధమైన రూపము సంతరించుకొన్నదని మణిపురి సంప్రదాయము చెబుతున్నది.

సగోల్ కాంగ్జైలో ఒక్కొక్క పక్షాన ఏడుగురు ఆడతారు. గోలు స్తంభాలు ఉండవు. ప్రత్యర్థి వైపు మైదానపు చివరి గీతను బంతి దాటితే గోలు వచ్చినట్లే. బంతిని వెదురు దుంపతో చేస్తారు. కర్ర బెత్తముతోను, దాని చివర తల గట్టి కొయ్యతోను తయారవుతాయి. గుర్రము ఎత్తు 11 నుండి 13 "చేతులు" మాత్రమే. గుర్రాల కొలతలో ఒక "చేయి" అనగా నాలుగు అంగుళాలు. అందుచేత ఈ గుర్రము భుజము వద్ద సుమారు నాలుగు అడుగుల ఎత్తు ఉంటుంది. పొట్టిదైనను మిక్కిలి చురుకైనది, ఓర్పు గలది.

ఇంఫాల్ నగరం నడిబొడ్డున ఉన్న మాపల్ కాంగ్జైబుంగ్ నేటికీ ఆట సాగుతున్న పోలో మైదానాలలో ప్రపంచంలోనే అతి పురాతనమైనదని ప్రసిద్ధి.

కాచార్‌కు చేరిన విధము

1819 నుండి 1826 వరకు మణిపూర్ బర్మా సైన్యాల ఆక్రమణలో ఉన్నది. మణిపురి చరిత్రలో దీనిని "ఏడేండ్ల విధ్వంసము" అంటారు. ఆ కాలంలో రాజవంశీయులతోపాటు వేలాది ప్రజలు కొండలు దాటి పశ్చిమాన ఉన్న కాచార్‌కు వలస వెళ్ళారు. 1826లో యాండబో సంధి జరిగి శాంతి నెలకొన్న తరువాత కూడా అనేకులు అక్కడనే స్థిరపడ్డారు. వారు తమతో తీసుకువెళ్ళిన వాటిలో గుర్రాలు, ఈ ఆట కూడా ఉన్నాయి.

1832లో కాచార్ ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చినది. 1855 ప్రాంతంలో అక్కడి కొండలలో అడవి తేయాకు మొక్కలు కనబడడంతో ఇంగ్లీషు తోటల యజమానులు రావడం మొదలైనది. ఊరికి దూరంగా, తోటలలో ఒంటరిగా జీవించే యువకులకు వినోదము తక్కువ. మణిపురి వారి ఆట వారిని ఆకర్షించడం సహజము. ఈ విధంగా ఒక యుద్ధము వలన నిర్వాసితులైన ప్రజలు, తేయాకు కోసము వచ్చిన పరదేశీయులు ఒకే చోట కలియుట వలన ఆధునిక పోలో పుట్టినదని చెప్పవచ్చును.

సిల్చర్ క్లబ్బు (1859)

కాచార్ జిల్లా కేంద్రమైన సిల్చర్‌లో లెఫ్టినెంట్ షేరర్ ఈ ఆటను చూచి, స్వయంగా నేర్చుకోవాలని సంకల్పించాడు. ఆయన, కెప్టెన్ స్టూవర్ట్, కొందరు తేయాకు తోటల యజమానులు కలిసి మణిపురి ఆటగాళ్ళతో అభ్యాసము ప్రారంభించారు. 1859లో వీరు సిల్చర్‌లో ఏర్పరచిన సంఘము యూరోపియనులు స్థాపించిన మొదటి పోలో క్లబ్బు. ఆ సంఘము తరువాత కాలంలో కనుమరుగైనది. అందుచేత స్థాపనలో మొదటిది సిల్చర్ క్లబ్బు, నిలిచి ఉన్నవాటిలో మొదటిది కలకత్తా క్లబ్బు అని గుర్తుంచుకోవాలి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం తరచుగా జరిగే పొరపాటు.

షేరర్ తరువాత మేజర్ జనరల్ హోదా వరకు ఎదిగాడు. ఇంగ్లీషు గ్రంథాలలో ఆయనను "ఆధునిక పోలో పితామహుడు" అని పేర్కొంటారు.

కలకత్తాలో స్థాపన

అప్పటికి కలకత్తా బ్రిటిషు ఇండియాకు రాజధాని. వైస్రాయి కార్యాలయము, సైనిక కేంద్రమైన ఫోర్ట్ విలియం, పెద్ద వర్తక సంస్థలు అన్నీ అక్కడనే ఉండేవి. తేయాకు వ్యాపారానికి కూడా ఆ నగరమే కేంద్రము. కాచార్ తోటలనుండి తేయాకు పెట్టెలు వచ్చిన మార్గంలోనే పోలో కూడా కలకత్తా చేరినది. షేరర్, స్టూవర్ట్‌లు 1862లో అక్కడ క్లబ్బును స్థాపించారు. ఫోర్ట్ విలియం చుట్టూ ఉన్న విశాలమైన పచ్చిక బయలును "మైదాన్" అని పిలుస్తారు. గుర్రపు ఆటకు అంతకంటె అనువైన చోటు నగరంలో మరొకటి లేదు.

1864లో షేరర్ ఒక మణిపురి జట్టును కలకత్తాకు తీసుకువచ్చి ప్రదర్శన ఆటలు ఆడించాడని పోలో చరిత్రకారులు వ్రాశారు. చిన్న గుర్రాలపై వచ్చిన ఆ ఆటగాళ్ళ నైపుణ్యము నగరవాసులను ఆశ్చర్యపరచినది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే ఉత్తర భారతంలోని సైనిక స్థావరాలకు ఆట వ్యాపించినది.

ఇంగ్లండుకు, ఇతర దేశాలకు వ్యాప్తి

1869లో ఇంగ్లండులోని ఆల్డర్‌షాట్ సైనిక స్థావరంలో 10వ హుస్సార్స్ దళాధికారులు పోలోను మొదటిసారిగా ఆడారు. 1871లో లండను సమీపంలోని హౌన్స్‌లో హీత్ వద్ద 10వ హుస్సార్స్, 9వ లాన్సర్స్ దళాల మధ్య జరిగిన ఆటలో ఒక్కొక్క పక్షాన ఎనిమిది మంది ఆడారు. 1870ల మధ్యలో లండనులోని హర్లింగ్‌హామ్ క్లబ్బు నియమావళిని ప్రచురించినది. ఆ దశాబ్దంలోనే ఆట అర్జెంటీనాకు, అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చేరినది. అమెరికాలో 1876లో జేమ్స్ గోర్డన్ బెన్నెట్ అనే పత్రికాధిపతి దీనిని ప్రవేశపెట్టాడు.

పోలో 1900, 1908, 1920, 1924, 1936 సంవత్సరాల ఒలింపిక్ క్రీడలలో కూడా ఉండినది. ఆ తరువాత తొలగించబడినది. భారతదేశంలో ఆటను పర్యవేక్షించడానికి 1892లో ఇండియన్ పోలో అసోసియేషన్ ఏర్పడినది.

పోటీలు, కప్పులు

కలకత్తా క్లబ్బు నిర్వహించే పోటీలలో ఎజ్రా కప్పు ముఖ్యమైనది. 1880లో ప్రారంభమైన ఈ కప్పు ప్రపంచంలోని అతి పాత పోలో బహుమతులలో ఒకటిగా పరిగణించబడుతున్నది. ఎజ్రాలు నాటి కలకత్తాలో ప్రసిద్ధి చెందిన బాగ్దాదీ యూదు వర్తక కుటుంబీకులు. కార్మైకేల్ కప్పు, స్టూవర్ట్ కప్పు క్లబ్బుకు చెందిన ఇతర ప్రసిద్ధ బహుమతులు.

కలకత్తాలో ఆట శీతాకాలంలో జరుగుతుంది. వర్షాకాలంలో గంగా మైదానపు నేల మెత్తబడి గుర్రాల డెక్కలకు దిగబడిపోవడం, వేసవిలో ఎండ తీవ్రంగా ఉండడం ఇందుకు కారణాలు. బ్రిటిషు కాలంలో డిసెంబరు నెలలో గుర్రపు పందాలు, పోలో పోటీలు, వైస్రాయి విందులు ఒకేసారి జరిగేవి. దేశం నలుమూలలనుండి సంస్థానాధీశులు తమ జట్లతో, గుర్రాలతో రైళ్ళలో తరలివచ్చేవారు.

కూచ్ బెహార్ మహారాజు నృపేంద్ర నారాయణ్ ఆ కాలంలో పోలోను ప్రోత్సహించిన వారిలో ముఖ్యుడు. తరువాతి తరంలో జైపూర్ మహారాజు సవాయ్ మాన్‌సింగ్ దేశంలోని మేటి ఆటగాళ్ళలో ఒకరు. ఆయన కలకత్తాకు పోలో ఆడడానికి వచ్చినప్పుడు కూచ్ బెహార్ వారి గృహంలో బస చేసేవారు. ఆ పరిచయమే తరువాత కూచ్ బెహార్ రాజకుమారి గాయత్రీ దేవితో ఆయన వివాహానికి దారితీసినది. 1933లో మాన్‌సింగ్ నాయకత్వంలోని జైపూర్ జట్టు ఇంగ్లండులో పర్యటించి అక్కడి ప్రధాన పోటీలన్నింటిలో విజయము సాధించినది.

ఆట నియమాలు

నేటి అంతర్జాతీయ పోలో, మణిపురి ఆటకు కొంత భిన్నమైనది. దాని ముఖ్య నియమాలు ఇవి:

• ఒక్కొక్క పక్షాన నలుగురు ఆటగాళ్ళు ఉంటారు. ఒకటి, రెండు సంఖ్యలవారు దాడి చేసేవారు. మూడవవారు ఆటను నడిపేవారు. నాలుగవవారు గోలును కాపాడేవారు.

• మైదానము పొడవు 300 గజాలు. వెడల్పు అంచులకు పలకలు అమర్చినచో 160 గజాలు, లేనిచో 200 గజాలు. గోలు స్తంభాల మధ్య దూరము 8 గజాలు.

• ఆట "చుక్కర్" అనే భాగాలుగా జరుగుతుంది. "చక్కర్" అనే హిందుస్తానీ పదమే ఇది. ఒక్కొక్క చుక్కర్ కాలము సుమారు ఏడు నిమిషాలు. ప్రతి చుక్కర్ తరువాత ఆటగాడు గుర్రాన్ని మారుస్తాడు.

• ప్రతి గోలు తరువాత రెండు పక్షాలు దిశ మార్చుకొంటాయి. గాలి, ఎండ, నేల వాలు వలన ఏ పక్షానికీ అనుచిత లాభము కలుగకుండుటకు ఈ ఏర్పాటు.

• ఆటగాళ్ళ ప్రతిభను మైనస్ 2 నుండి 10 వరకు అంకెలతో సూచిస్తారు. 10 అత్యున్నత స్థాయి.

• కర్రను కుడిచేత మాత్రమే పట్టుకోవాలి. ఎదురెదురుగా వచ్చే ఇద్దరిలో ఒకరు ఎడమచేతితో ఆడినచో గుర్రాలు ఢీకొనే ప్రమాదము ఉన్నది.

• బంతి ప్రయాణించే దారిని ఒక గీతగా భావించాలి. ఆ గీతను ముందుగా అనుసరించిన ఆటగానికి అడ్డుగా మరొకరు రాకూడదు. పోలోలో ప్రధానమైన భద్రతా నియమము ఇదే.

మైదానము

క్లబ్బు ఆటలు జరిగే మైదానము రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్ వారి గుర్రపు పందాల బాటకు నడుమ ఉన్నది. దీనిని పాట్ విలియమ్‌సన్ మైదానము అంటారు. ఈ పేరుకు కూడా తేయాకు వ్యాపారంతో సంబంధము ఉన్నది. మైదానంనుండి తూర్పుగా చూచినచో, 1921లో ప్రారంభించబడిన విక్టోరియా స్మారక భవనపు తెల్లని గుమ్మటము కనిపిస్తుంది. మహానగరపు నడుమ ఇంత విశాలమైన ఖాళీ స్థలము నిలిచి ఉండడానికి, మైదాన్ మొదటినుండి సైన్యం అధీనంలో ఉండడం ప్రధాన కారణము.

క్షీణత, స్వాతంత్ర్యానంతర పరిస్థితి

ఇరవయ్యవ శతాబ్దంలో పలు కారణాల వలన భారతదేశంలో పోలోకు గల ఆధారాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయినవి.

మొదటిది రాజధాని మార్పు. 1911లో రాజధానిని ఢిల్లీకి మార్చుతున్నట్లు ప్రకటన వెలువడినది. వైస్రాయితో పాటు ఉన్నతాధికారుల కొలువు కూడా కలకత్తాను విడిచినది. రెండవది అశ్వదళాల యాంత్రికీకరణ. 1930ల చివర నుండి భారత అశ్వదళాలు గుర్రాలను విడిచి సాయుధ వాహనాలకు మారినవి. పోలో ఆటగాళ్ళను, గుర్రాలను నిరంతరము అందించిన మూలము ఈ విధంగా ఎండిపోయినది. మూడవది సంస్థానాల విలీనము. 1947 తరువాత సంస్థానాలు భారతదేశంలో విలీనమైనవి. 1971లో రాజభరణాలు రద్దయినవి. వందల కొలది గుర్రాలను పోషించిన రాజాశ్రయము దానితో ముగిసినది.

అయినను ఆట అంతరించలేదు. 1950లలో జైపూర్ కేంద్రంగా ఏర్పడిన 61వ అశ్వదళము గుర్రాలను కొనసాగించిన అరుదైన సైనిక దళాలలో ఒకటి. అనేకమంది భారత జట్టు ఆటగాళ్ళు ఈ దళమునుండి వచ్చారు. 1957లో ఫ్రాన్సులోని డోవిల్‌లో జరిగిన ప్రపంచ స్థాయి పోటీలో భారత జట్టు విజయము సాధించినది. సవాయ్ మాన్‌సింగ్, రావ్ రాజా హనుత్ సింగ్, కిషన్ సింగ్, బిజయ్ సింగ్ ఆ జట్టు సభ్యులు. మాన్‌సింగ్ 1970 జూన్ 24న ఇంగ్లండులోని సైరెన్‌సెస్టర్‌లో పోలో ఆడుతుండగానే మరణించారు.

కలకత్తాలో ఆట భారము రాజుల చేతులనుండి వర్తక, పారిశ్రామిక సంస్థల చేతులకు, సైనిక జట్లకు మారినది. 2001లో నగరము పేరు అధికారికంగా కోల్‌కతాగా మారినప్పటికీ, క్లబ్బు పాత పేరునే నిలుపుకొన్నది.

దేవుల్‌పూర్ వెదురు బంతులు

పోలో వలన బెంగాల్‌లో ఒక ప్రత్యేకమైన చేతివృత్తి పుట్టినది. కోల్‌కతాకు పొరుగున ఉన్న హౌరా జిల్లాలోని దేవుల్‌పూర్ గ్రామంలో వెదురు దుంపలతో పోలో బంతులు తయారుచేసేవారు. మణిపూర్‌లో కూడా బంతి వెదురు దుంపతోనే చేసేవారు కనుక, ఆటతో పాటు బంతి తయారీ పద్ధతి కూడా అక్కడి నమూనానే అనుసరించినది.

భూమిలోనుండి వెదురు దుంపను త్రవ్వి తీసి, చాలాకాలము ఆరబెడతారు. తరువాత దానిని చెక్కి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, నునుపు చేసి, తెల్ల రంగు వేస్తారు. బంతి వ్యాసము సుమారు మూడు నుండి మూడున్నర అంగుళాలు ఉండాలి. బరువు నియమిత పరిమితిలోనే ఉండాలి. త్రాసు, చేతి స్పర్శ తప్ప ఇతర సాధనాలు లేకుండా ఈ కొలతలు సాధించడం ఎంతో అనుభవము ఉన్నవారికే సాధ్యము. ఒకప్పుడు ఈ గ్రామపు బంతులు విదేశాలకు కూడా వెళ్ళేవి. అచ్చులో పోసే ప్లాస్టిక్ బంతులు వచ్చిన తరువాత గిరాకీ పడిపోయినది. వెదురు బంతి గుర్రపు డెక్క క్రింద పడి తొందరగా చీలిపోతుంది, ప్లాస్టిక్ బంతి ఎక్కువకాలము మన్నుతుంది. ఫలితంగా నేడు ఈ పని తెలిసినవారు వేళ్ళమీద లెక్కించదగినంత మంది మాత్రమే మిగిలారు.

మణిపురి గుర్రము

పోలో వ్యాప్తితో కీర్తి వచ్చినా, ఆ ఆటకు ఆధారమైన మణిపురి గుర్రానికి మేలు జరుగలేదు. ఆట సైనిక దళాలకు చేరిన తరువాత పెద్ద గుర్రాలకు ప్రాధాన్యము పెరిగినది. ఆస్ట్రేలియానుండి "వేలర్" జాతి గుర్రాలు ఓడలలో కలకత్తా, మద్రాసు రేవులకు దిగుమతి అయ్యేవి. ప్రారంభంలో పోలో గుర్రాల ఎత్తుకు పరిమితి ఉండేది. క్రమంగా దానిని పెంచుతూ వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధానంతరము తొలగించారు. దానితో అంతర్జాతీయ పోలోలో మణిపురి గుర్రానికి చోటు లేకపోయినది.

మణిపూర్‌లో సైతము పచ్చిక బయళ్ళు, చిత్తడి నేలలు కట్టడాలకు బలి కావడంతో గుర్రాలకు మేత కరువైనది. ఇంఫాల్ సమీపంలోని లాంఫెల్‌పాట్ చిత్తడి నేల ఇందుకు ఉదాహరణ. పశుగణన లెక్కల ప్రకారము మణిపూర్‌లో ఈ గుర్రాల సంఖ్య 2003లో 1,898 కాగా, 2012 నాటికి 1,101కి, 2019 నాటికి 1,089కి తగ్గినది. 2013లో రాష్ట్ర ప్రభుత్వము దీనిని అంతరించే ప్రమాదములో ఉన్న జాతిగా ప్రకటించినది.

పరిరక్షణకు మార్గము ఆటలోనే ఉన్నదని మణిపురి క్రీడాభిమానుల అభిప్రాయము. ఆట సాగినంతకాలము గుర్రాన్ని పెంచేవారు ఉంటారు. ఇంఫాల్‌లో అంతర్జాతీయ పోటీలు మణిపురి గుర్రాలపైననే జరుగుతాయి. 2016 నుండి స్త్రీలకు ప్రత్యేక పోటీలు కూడా నిర్వహించబడినవి. 2023 జనవరిలో ఇంఫాల్ సమీపంలోని హైంగాంగ్ కొండపై, గుర్రముపై ఉన్న పోలో ఆటగాని రూపంలో సుమారు 120 అడుగుల విగ్రహము ఆవిష్కరించబడినది.

తెలుగు ప్రాంతాలతో సంబంధము

హైదరాబాదు సంస్థానంలో నిజాం సైన్యాధికారులు పోలోను ఆదరించారు. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో "గోల్కొండ" పేరుతో ఆడిన హైదరాబాదు జట్టు దేశంలోని పేరొందిన జట్లలో ఒకటి. షా మీర్జా బేగ్ ఈ జట్టులోని ప్రసిద్ధ ఆటగాడు.

దక్షిణ భారతంలోని పెద్ద సైనిక స్థావరాలలో ఒకటైన సికింద్రాబాదులో కూడా పోలో విస్తృతంగా ఆడేవారు. అక్కడి కంటోన్మెంటులోని బైసన్ పోలో గ్రౌండ్ పేరు ఆ చరిత్రకు గుర్తు. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఈ మైదానంలో నూతన సచివాలయము నిర్మించాలని ప్రతిపాదించినప్పుడు, బహిరంగ స్థలాన్ని కాపాడవలెనని కోరుతూ స్థానికులు నిరసన తెలిపారు. చివరకు సచివాలయము హుస్సేన్ సాగర్ సమీపాన పాత స్థలంలోనే నిర్మించబడి 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైనది. ఆట కోసము విడిచిన ఖాళీ నేల నగరాలు పెరిగిన తరువాత ప్రజలందరికీ ఎంత విలువైనదో ఈ సంఘటన తెలుపుతున్నది.

చారిత్రక ప్రాముఖ్యత

కలకత్తా పోలో క్లబ్బును "పోలో జన్మస్థానము" అని కొన్నిచోట్ల వ్రాస్తుంటారు. ఇది సరి కాదు. క్లబ్బు చేసినది ఆటను కనుగొనడం కాదు. ఒక ప్రాంతపు ప్రజల ఆటకు సంఘము, నియమాలు, కప్పులు, ఏటేటా జరిగే పోటీలు ఏర్పరచి, దానిని దేశదేశాలకు చేరవేయడము. ఈ కృషి స్వల్పమైనది కాదు. అయితే ఆట నేర్పిన మణిపురి ఆటగాళ్ళ పేర్లు చాలావరకు గ్రంథస్థము కాలేదు. నేర్చుకొన్న షేరర్, స్టూవర్ట్‌ల పేర్లు మాత్రము చరిత్రలో నిలిచినవి.

ఈ సందర్భంలో మరొక సంఘటన గుర్తించదగినది. సిల్చర్‌లో క్లబ్బు ఏర్పడిన 32 సంవత్సరాలకు, 1891లో, మణిపూర్‌కు బ్రిటిషు ప్రభుత్వానికి యుద్ధము జరిగినది. ఓడిపోయిన మణిపురి సేనాపతి, రాజకుమారుడు టికేంద్రజిత్‌ను 1891 ఆగస్టు 13న ఇంఫాల్‌లో బహిరంగంగా ఉరితీశారు. ఆయన స్వయంగా పేరుపొందిన పోలో ఆటగాడు. ఉరితీసిన స్థలము మాపల్ కాంగ్జైబుంగ్ పోలో మైదానమునకు సమీపములోనే ఉన్నది. నేడు అక్కడ ఆయన పేరిట ఉద్యానవనము ఉన్నది. అప్పటికి ఆ ఆటను లండనులోను, కలకత్తాలోను బ్రిటిషు అధికారులు తమ గౌరవ చిహ్నంగా భావించి ఆడుతూనే ఉన్నారు. పోలో చరిత్ర చదివేవారు కలకత్తా క్లబ్బు రికార్డులతో పాటు ఇంఫాల్ మైదానాన్ని కూడా జ్ఞాపకము ఉంచుకొన్నప్పుడే ఆ చరిత్ర సంపూర్ణమవుతుంది.

ముఖ్య సంఘటనలు

• 1819–1826: మణిపూర్‌పై బర్మా ఆక్రమణ, మణిపురి ప్రజలు కాచార్‌కు వలస
• 1859: సిల్చర్‌లో యూరోపియనుల మొదటి పోలో క్లబ్బు
• 1862: కలకత్తా పోలో క్లబ్ స్థాపన
• 1869: ఇంగ్లండులో పోలో ఆరంభము
• 1880: ఎజ్రా కప్పు ప్రారంభము
• 1891: మణిపూర్ యుద్ధము, టికేంద్రజిత్ ఉరి
• 1892: ఇండియన్ పోలో అసోసియేషన్ ఏర్పాటు
• 1911: రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చే ప్రకటన
• 1957: డోవిల్ పోటీలో భారత జట్టు విజయము
• 2013: మణిపురి గుర్రము అంతరించే ప్రమాదములో ఉన్న జాతిగా ప్రకటన

ఇవి కూడా చూడండి

• మణిపూర్
• కోల్‌కతా
• సిల్చర్
• కుతుబుద్దీన్ ఐబక్
• సికింద్రాబాదు